కొట్టేసిన పదకొండు కాగితాలు

పురుగుల లెక్క రాసే వాలంటీర్లు ముప్పై ఆరుగురు. వాళ్ళకు నేర్పే టీచరమ్మ ఒక్కతే. మ్యూజియం వెనక గదిలో రెండు శనివారాలు పాఠం చెప్పి, చేతికో భూతద్దమూ ఫారాల కట్టా ఇచ్చి సాగనంపేది. ఆ తర్వాత ఎవరి చోటు వాళ్ళది, ఎవరి కళ్ళు వాళ్ళవి.

అందరిలోకీ ఆవిడకు గురి గడియారం బాబాయి మీదే. నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. భార్య పోయిన ఏడు ఈ పనిలో చేరాడు. ఆసుపత్రి ప్రహరీ వెంట పొదల్లో అక్షింతల పురుగుల్ని వారం వారం లెక్కపెట్టి, ఎర్రటి వీపు మీద ఎన్ని నల్లచుక్కలున్నాయో కూడా రాసి పంపేవాడు. ఆయన కాగితాన్ని ఆవిడ సరిచూసేది కాదు. నేరుగా కంప్యూటర్లోకి ఎక్కించేసేది.

నివేదిక రాస్తున్న రోజున ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఊరంతటా పురుగులు తగ్గుతుంటే, ఆ గోడ పక్కన మాత్రం ఆరుచుక్కలవి పదకొండు వారాలుగా పెరుగుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే, చెప్పకుండా వెళ్ళింది. బాబాయి అప్పటికే మోకాళ్ళ మీద ఉన్నాడు. భూతద్దం కంటికి ఆనించి, ఆకు తిప్పి, "ఆరు" అన్నాడు తృప్తిగా.

ఆవిడ వంగి చూసింది. ఆకు మీద ఉన్నది తెగులు మచ్చ. పక్క కొమ్మకు గోడ రంగు పెచ్చు ఒకటి అతుక్కుని ఉంది. దాన్నీ పురుగుగానే రాసుకున్నాడు.

"బాబాయిగారూ..." అంది. "మీ ఇంట్లో టీ ఇప్పిస్తారా?" అని మాత్రం అడిగింది.

కోడలు టీ తెచ్చిపెట్టింది. బాబాయి చెయ్యి గ్లాసుకు బెత్తెడు ఇవతలే ఆగి, తడుముకుంది.

"మొన్న చొక్కా తిరగేసుకుని బజారుకెళ్ళారండీ," అంది కోడలు. "అడిగితే ఇప్పుడదే ఫ్యాషనన్నారు."

ఎవరూ నవ్వలేదు. టీచరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"వెంట్రుకంత స్ప్రింగులు బిగించిన చేతులివి!" అని గయ్యిమన్నాడు ఆయన. కాసేపటికి ఆ గొంతు దిగిపోయింది. "మసకేలే అనుకున్నా తల్లీ. కళ్ళు పోయాయని ఒప్పుకుంటే, రేపట్నుంచి పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళను?"

"తప్పు నాది బాబాయిగారూ. పాఠం చెప్పి గాలికొదిలేశాను. ఒక్కసారి మీ వెంట వచ్చినా మొదటివారమే తెలిసేది."

"నీ తప్పు నువ్వు రాసుకో. నాది నేనే కొట్టేస్తా. ఇలా తే కాగితాలు."

కోడలు వేలు పట్టి చోటు చూపిస్తే, టీచరమ్మ సంచిలోంచి తీసిచ్చిన ఒక్కో కాగితం మీదా అడ్డంగా గీత గీశాడు. పదకొండూ. ఒక గీత కాగితం దాటి బల్లమీదికి పోయింది.

"అంతకుముందువి?"

"వాటికి మీరు పంపిన ఫొటోలున్నాయి, నిన్న సరిచూశాను. అవి నిజమే."

ఆయన తల ఊపి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

డాక్టరు ఒక కన్ను మీద ఆశ వదులుకోమన్నాడు. రెండోదానికి మందులు రాశాడు. టీచరమ్మ నివేదికలో తన తప్పును ఉన్నదున్నట్టు రాసింది. పైవాళ్ళ చేత చీవాట్లూ తింది. ఆనాటి నుంచి ఆదివారాలన్నీ వదులుకుని, వంతులవారీగా ఒక్కో వాలంటీరు వెంటా వెళ్ళసాగింది. బాబాయి మాత్రం రెండు నెలలు గుమ్మం దాటలేదు.

మూడో నెలలో ఆసుపత్రి గోడ దగ్గర కోడలు కనిపించింది. భూతద్దం పట్టుకుని పొదలో తలదూర్చి ఉంది. పక్కన ముక్కాలిపీట మీద బాబాయి.

"చుక్కలెన్ని?"

"చూసేలోపే ఎగిరిపోయింది మామయ్యా. ఆరే అయ్యుంటాయి."

"అయ్యుంటాయి అనేదానికి ఫారంలో గడి లేదమ్మా," అన్నాడాయన. "ఎగిరిపోయిందని రాయి."