కుందేలు రెండో కన్ను

ఒక ఇంటి తోడికోడళ్ళిద్దరూ ఒకే ప్రయోగశాలలో పనిచేస్తారు. కొత్త మందు పడిన కుందేళ్ళ కళ్ళను మైనపు దిమ్మల్లో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, స్లైడు మీదికి ఎక్కించాలి. కంటి లోపల వెనకవైపు చూపునిచ్చే పొర, అదే రెటీనా, మందు వల్ల చెడిందో లేదో డాక్టరమ్మ చూసి చెబుతుంది. పెద్దకోడలు ఏళ్ళుగా కత్తి ముందు కూర్చుంటోంది. చిన్నామె మొన్నటిదాకా గాజుసామాను కడిగింది. ఈ కుందేలు కళ్ళు సరిగ్గా కోస్తేనే కత్తి దగ్గర చోటు, లేదంటే మళ్ళీ ఆ తొట్టి దగ్గరికే.

మొదటి కన్ను అప్పుడే పోయింది. కంటిలోపలి కటకం రాయిలా గట్టిపడి ఉంటుంది కదా, దిమ్మకు చన్నీళ్ళు పట్టించకుండా కోసేసరికి అది టప్పున ఎగిరి, చుట్టూ ఉన్నదాన్నంతా చింపేసింది.

రెండోదాన్ని బాగా నానబెట్టి, ఊపిరి బిగబట్టి కోసింది. ముక్కలు ఒకదానికొకటి అంటుకుని వచ్చిన మైనపు రిబ్బను వెచ్చని నీళ్ళ మీద పరుచుకుంది. డాక్టరమ్మ తప్పకుండా చూడాల్సిన కంటినరం చక్కగా వచ్చింది. రెటీనా మాత్రం వానకు తడిసిన పోస్టరులా ఊడి వేలాడుతోంది.

“అక్కా, కొంప మునిగింది!”

“ఎవరిది? కుందేలుదా, నీదా?”

“నాదే. మైనంలో పెట్టేముందు కన్ను జారిపోతుంటే గట్టిగా నొక్కి పట్టుకున్నా. అదిగో, ఆ చివరి ముక్కలో పొర బాగానే అతుక్కుంది. అది పంపేద్దామా?”

“అందులో నరమేదే?”

“లేదు.”

“పెళ్ళికూతురు లేకుండా పెళ్ళిఫోటో తీస్తావా? నరం ఉన్నదే పంపు. నొక్కిన సంగతీ చెప్పు. లేకపోతే ఆ నింద మందు మీద పడుతుంది.”

“చెబితే నన్ను తరిమేస్తారు.”

“తరిమితే తరుముతారు.”

చిన్నామె కాసేపు ముక్కు ఎగబీల్చింది. తర్వాత నరం ఉన్న ముక్కకే రంగులు పట్టించి, స్లైడు పట్టుకెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

డాక్టరమ్మ చాలాసేపు సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు.

“ఊడినచోట నీరు చేరలేదు. కింది కణాలు ఉబ్బలేదు. బతికుండగా ఊడింది కాదిది, నీ వేళ్ళ పనే.”

“చూడ్డానికి పనికొస్తుందా మేడమ్?”

“వస్తుంది. పొరలన్నీ ఉన్నాయి, బాగానే ఉన్నాయి. నువ్వు మాత్రం కత్తి జోలికి ఇప్పుడే పోకు. ముందు కన్ను పట్టుకోవడం నేర్చుకో.”

మర్నాడు ఆమెను కళ్ళు మైనంలో దించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చెంచాలో కన్ను పెట్టుకుని, వేలు తగలకుండా మైనంలోకి వంచుతోంది. 

“నెమ్మదిగానే కానివ్వు, అదేం పారిపోదు,” అని పెద్దకోడలు తన పనిలో పడింది.