ఎగరని ఫ్యూజు

దండెం పొట్టిదైంది, కొస అందక గుంజకు కిందికి కట్టి ఉంది. ఉతికిన లుంగీల అంచులు మట్టికి ఆనుతున్నాయి. కొసన ఉండాల్సిన రెండు జానల రాగి తీగ లేదు.

“దండెం తీగ ఎవరు కోసిన్రు?” అని అడిగాను.

“రెండు జానల తీగెకు గింత పంచాయితీనా?” అన్నాడు మా ఆయన కరుణాకర్. “బట్టలు జర దగ్గర దగ్గర ఆరేసుకో.”

“ఆరేసుకుంట. మట్టిల పడ్డయి మీ లుంగీలే. తీగె ఏం చేసిన్రు?”

“చేనుకాడ ఫ్యూజుల కట్టిన. ఇగ జన్మల ఎగరది.”

ఏదో పతకం గెలుచుకొచ్చినట్టు చెప్పాడు.

దంతాలపల్లి శివారులో మా చేను. అక్కడి రేకుల కొట్టానికి కరెంటు లేదు. పత్తి అమ్ముడయ్యేదాకా మా మామ రాజమల్లు ఆ కొట్టంలోనే, పత్తి కుప్ప పక్కన మంచం వేసుకుని పడుకుంటాడు. ఆయనకు ఒక లైటు, ఒక ఫ్యాను కోసమని దసరా ముందు సోలార్ పలక, పన్నెండు వోల్టుల లిథియం బ్యాటరీ, వెయ్యి వాట్ల ఇన్వర్టర్ పెట్టించాం. బ్యాటరీ మంచం తలవైపు గోడకు కొట్టిన చెక్క మీద ఉంటుంది. లైటుకు, ఫ్యానుకు సరిపడా వైరూ, ఆ వైరుకు తగిన నలభై ఆంపుల ఫ్యూజూ జనగామ దుకాణదారుడే ఇచ్చాడు. పని తెలిసిన మనిషి.

మా ఆయనకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కాబట్టి ఆయనా పని తెలిసిన మనిషే. పోయిన ఆదివారం స్నేహితులను పిలిచి, సోలార్ చాయ్ తాగిస్తానని ఎనిమిది వందల వాట్ల కెటిల్ తీసుకుపోయాడు. నీళ్లు గోరువెచ్చన కాకముందే ఫ్యూజు ఎగిరింది.

“ఏందే కరుణాకరన్నా, నీ సూర్యుడు చాయ్ గూడ కాయడా?” అన్నాడట వాళ్లలో ఎల్లయ్య.

అంతే. మా దిక్కు మగవాళ్లకు ఫ్యూజు ఎగరడమంటే నలుగురిలో చెంపదెబ్బ తిన్నట్టు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా ఇదే తంతు. ఎందుకు ఎగిరిందని అడగరు, ముందటి కన్నా లావు తీగ కడతారు. ఎవరి ఫ్యూజు ఎగరదో అతనే మొనగాడు. దాని బదులు ఏది కాలాలన్నది అతనికి సంబంధం లేని విషయం.

“ఫ్యూజు కెటిల్ కోసం కాదు, వైరు కోసం,” అన్నాను. “కెటిల్ డెబ్బై అయిదు ఆంపుల పైనే గుంజుతది. వైరు అంత మోయలేదు. ఇప్పుడు ఫ్యూజు కాలదు, వైరు కాలుతది. కింద పత్తి, పక్కన మీ బాపు.”

“డిగ్రీల చదివిన ఫిజిక్సు చేన్ల పనికిరాదు. శ్యాం వస్తున్నడు గద, వాన్నడుగుదాం.”

శ్యాం మా మరిది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పని. ఇంట్లో కరెంటు గురించి ఏ తగువొచ్చినా ఆయన మాటే చివరిది. ఆయన చేసేది అక్కడి క్యాంటీన్‌కు కూరగాయలు కొనడం. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర శ్యాం తీర్పు చెప్పాడు. “తీగె తీసెయ్యన్నా. మనింట్ల గోడకున్నది గద, గసొంటి బ్రేకరే ఒకటి బిగించు. ఖతం.”

“అది ఇంటి కరెంటుకు చేసింది శ్యాం,” అన్నాను పప్పు వడ్డిస్తూ. “ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నకొస్తది, అప్పుడు నిప్పురవ్వ ఆరిపోతది. బ్యాటరీ కరెంటు ఆగదు. బ్రేకర్ తెరుచుకున్నా లోపల నిప్పు సాగుతనే ఉంటది. బ్యాటరీలకని చేసిన ఫ్యూజే కావాలె, అదీ బ్యాటరీ ప్లస్ పక్కనే.”

“మా ప్లాంటుల గిట్లెవరు జెప్పలేదు వదినా.”

“వంకాయలు కొనేకాడ ఎవరు చెప్తరు?”

మా మామ నవ్వబోయి దగ్గాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “నిన్న వీళ్లు చాయ్ కాస్తుంటె గా వైరు ముట్టుకున్న బిడ్డా. సుర్రుమన్నది. రబ్బరు వాసన గూడ వచ్చింది. పిలగాడు ముచ్చటపడుతున్నడని ఊకున్న.”

మా అత్త సాలమ్మ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది. “మరి నువ్వు గా వైరు కిందనే పండుకున్నవా?”

“యాడ పండుకోవాలె మరి?”

“ఇయ్యాల్టి సంది ఇంట్లనే పండుకో. పత్తికాడ నీ కొడుకులు పండుకుంటరు, గా బ్యాటరీ డబ్బా కిందనే. ఏం గాదంటున్నరు గద.”

శ్యాంకు తెల్లారి డ్యూటీ ఉన్నట్టు వెంటనే గుర్తొచ్చింది. మా ఆయన పప్పులో వేలు తిప్పాడు.

“ఇంకో దారి లేదా?” అన్నాడు, ఎవరినీ చూడకుండా.

“రెండున్నయి,” అన్నాను. “కెటిల్ కావాలంటే వేలు లావు వైరు, నూట ఇరవై అయిదు ఆంపుల ఫ్యూజు, అది కూడ లిథియం బ్యాటరీ షార్టయితే వచ్చే కరెంటును తెంపగలిగేది. వద్దంటే పాత నలభై ఆంపులదే చాలు. వైరు మాత్రం మార్చాలె, ఒకసారి కమిలింది.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇంటి పెద్ద కొడుకు హోదాలో అందరి వంకా చూశాడు.

“నేనొకటి ఆలోచించిన,” అన్నాడు. “కెటిల్ ఇంటికి తెస్తున్న. వైరు కొత్తది ఏస్త, ఫ్యూజు నలభై ఆంపులదే పెడ్త. గంతకంటె ఎక్కువ అవసరం లేదు. గిది నా నిర్ణయం, ఇగ ఎవరు మాట్లాడద్దు.”