కూర్చుని తినే హోటలు

నాకు కోపం ఎక్కువని మా ఆయన అందరికీ చెబుతూ ఉంటారు. ఎక్కువేనండి, కాదనను. రిటైరయ్యేదాకా ఆసుపత్రిలో నర్సుగా చేసేను. అక్కడ నోరు లేకపోతే నెగ్గుకురాలేం. ఈయన నాకు పూర్తిగా ఆపోజిట్టు. పేరు ఏలీయా, సోషల్ మాస్టారుగా రిటైరయ్యేరు. ఎవరేమన్నా "ఆయ్, అలాగేనండి" అనడమే తప్ప ఇంకో ముక్క రాదు. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం మొండికేసేరు. బస్టాండు వెనకాల పాడుబడిపోయిన పాత కాఫీ హోటల్ కొని, బాగుచేసి, మళ్ళీ హోటల్ పెడతానని కూర్చున్నారు.

"మీకేమన్నా మతి పోయిందా? పెంకులన్నీ జారిపోయి, దూలాలకి చెదలు పట్టి, లోపల పాములు తిరుగుతున్నాయి. కాళ్ళు చాపుకుని కూర్చోవలసిన వయసులో ఇదేం సరదా?" అని గయ్యిమన్నాను.

ఆయన నన్ను ఆ హోటల్ అరుగు మీదికి తీసుకెళ్ళేరు. అక్కడ చెక్క స్తంభానికి తుప్పు పట్టిన మేకు ఒకటుంది. "మా నాన్న గ్లాసు దీనికే తగిలించి ఉండేది లీలా," అన్నారు.

మా మావగారు కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవారు. పొద్దున్నే ఇక్కడికొచ్చి, ఆ మేకుకున్న రేకు గ్లాసు తీసి పట్టుకుంటే, తగలకుండా పైనుంచి టీ పోసేవారట. అరుగు మీదే నిలబడి తాగి, గ్లాసు కడిగి, మళ్ళీ మేకుకే తగిలించి పోవాలట. లోపలి కుర్చీలు మాబోటివాళ్ళకి కాదు. అప్పుడు చిన్నపిల్లాడైన ఈయన, తండ్రి పంచె పట్టుకుని నిలబడి, లోపల కూర్చుని ఇడ్లీలు తినేవాళ్ళని చూసేవారట.

"మనం వండింది ఊళ్ళోవాళ్ళు ఈ లోపల కూర్చుని తినాలి. ఇంకేం అక్కర్లేదు నాకు," అన్నారు. ఇంకేం పోట్లాడతాను చెప్పండి? నా కోపం ఎటుపోయిందో పోయింది.

ఏడాది పైనే ఆ హోటలే మాకు లోకమైపోయింది. రాజోలు వైపో, మామిడికుదురు వైపో పాత పెంకుటిల్లు కూలగొడుతున్నారని తెలిస్తే చాలు, అక్కడికి పరిగెత్తి పెంకులు ఏరుకొచ్చేవాళ్ళం. గోడల మసి గీకీ గీకీ నా గోళ్ళలో చేరిన నలుపు ఇప్పటికీ వదల్లేదు. ఈయన మోకాళ్ళ నొప్పులని మూలుగుతూనే పాత టేకు బల్లలన్నీ చేత్తో రుద్ది, పాలిష్ పెట్టేరు. మేస్త్రీ ఆ మేకు పీకబోతే మాత్రం ఎప్పుడూ లేనిది ఉరిమి చూసేరు. "అదలా ఉండనివ్వండి," అన్నారు.

తెరిచిన రోజు పాస్టర్ గారొచ్చి ప్రార్థన చేసేరు. మా పేటవాళ్ళంతా కడుపారా తిన్నారు. మా ఆడపడుచు రేచల్ సంబరం పట్టలేక ఒక్కో కుర్చీలో కాసేపు కూర్చుని చూసుకుంది. మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళ కోసం గుమ్మంకేసే మా చూపంతా.

వచ్చేరండీ, రాకపోవడమేంటి! నా చింతచిగురు రొయ్యల కూర వాసన బస్టాండు దాకా కొట్టేది మరి. వచ్చేరు, అరుగు దాకా. "పార్సిలండీ." లోపల ఫాన్లు తిరుగుతున్నాయి, ఆకులు కడిగి వేసి ఉన్నాయి, కూర్చోండని ఈయన బతిమాలతారు. "ఇంటిదగ్గర కనిపెట్టుకుని ఉంటారండి, పార్సిల్ చాలండి." ఒకరంటే సరే, ఇద్దరంటే సరే. ఊరందరికీ రోజూ ఇంటిదగ్గర ఎవరో కనిపెట్టుకునే ఉంటారా? సంగతి నాకు తొందరగానే తెలిసిపోయింది. పార్సిల్ పట్టుకెళ్ళి తలుపేసుకుని తింటే ఎవరికీ తెలీదు. మా హోటల్లో కూర్చుంటే రోడ్డున పోయేవాళ్ళంతా చూస్తారు. ఈ ఊళ్ళో ఎంతమందికి పురుళ్ళు పోసేయో ఈ చేతులు! అప్పుడు ఎవరికీ ఏ అడ్డూ రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ ఈయన మొహం చూసి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. నాకు, నోరు రాలేదు!

ఓ రోజు ఎవరో తన పార్సిల్ సంచీ ఆ మేకుకి తగిలించి, సిగరెట్టు కాల్చుకుని తీసుకెళ్ళేడు. అది చూసి మిగతావాళ్ళూ అదే అలవాటు చేసుకున్నారు. ఈయన అటు చూసి, మొహం తిప్పుకుని, ఎవరూ కూర్చోని బల్లలే మళ్ళీ తుడిచేరు.

"పోనిద్దురూ, మావగారు నిలబడ్డ చోట ఇప్పుడు వాళ్ళే నిలబడుతున్నారు," అన్నాను, ఊరడిద్దామని.

"వాళ్ళని నిలబెట్టడానికా లీలా నేను ఇది కట్టింది?" అన్నారు.

ఇక ఆశంతా మురళీమోహన్ గారి మీదే. తెలుగు మాస్టారు, ఈయనతో ఒకే బళ్ళో పనిచేసేరు. ఊళ్ళో ఆయన మాటకి విలువుంది. ఆయన ఒక్కసారి కూర్చుని తింటే చాలు, వెనకే నలుగురూ వస్తారని ఈయన నమ్మకం. పిలిస్తే "తప్పకుండా వస్తానండి" అన్నారు. ఆయనకిష్టమని పనసపొట్టు కూర ఆవపెట్టి చేసేను. ఈయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పొద్దుటినుంచీ గుమ్మంలోనే.

వచ్చేరు. గడప దాటి లోపలికి కూడా వచ్చేరు! దూలాలు చూసి, బల్లలు నిమిరి, "ఎంత ముచ్చటగా చేసేరండీ ఏలీయా గారూ," అన్నారు. ఈయన కుర్చీ లాగేరు. మాస్టారు దాని వీపు మీద చెయ్యి వేసి, రోడ్డుకేసి చూసేరు. ఎదురుగా బస్సు ఆగి ఉంది, కిటికీల్లోంచి నలుగురూ ఇటే చూస్తున్నారు. ఆయన చెయ్యి తీసేసేరు.

"మా ఆవిడ సూర్యకుమారి కూడా తింటానందండి. ఇద్దరికీ పార్సిల్ కట్టించేయండి."

ఇక ఆగలేకపోయేను. "మీ పిల్లలిద్దర్నీ మొదట ఎత్తుకున్నది నేను మాస్టారూ! అప్పుడు లేని అంటు ఈ కుర్చీకి ఎక్కడినుంచి వచ్చింది?"

"అది కాదు సిస్టరు గారూ," అని నసిగేరు.

"లీలా, కట్టు," అన్నారు ఈయన. తర్వాత ఆయనకేసి తిరిగి, "ఆయ్, అలాగేనండి," అన్నారు.

కట్టేను. సాయంత్రం మాస్టారు ఫోన్ చేసి పనసపొట్టు కూర అమోఘమన్నారండీ! నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

తర్వాత మావాళ్ళూ తగ్గిపోయేరు. ఆదివారం చర్చి అయ్యేక రేచల్ వచ్చి, "ఇంత పెద్ద హాల్లో ఒక్కదాన్నీ కూర్చోవాలంటే ఏదోలా ఉంది వదినా, పార్సిల్ కట్టెయ్యి," అంది. కట్టిచ్చేను.

మొన్న మధ్యాహ్నం ఎప్పట్లాగే మధ్య బల్ల మీద ఈయనకి ఆకు వేసేను. ఈయన కూర్చోలేదు.

"నాకూ పార్సిల్ కట్టు లీలా. ఇంటికెళ్ళి తింటాను."

తిడదామనే నోరు తెరిచేను. ఆ మొహం చూసేను. లోపలికెళ్ళి అన్నం, కూర, మజ్జిగ కట్టి తెచ్చేసరికి ఈయన హాల్లో లేరు. బయట అరుగు మీద, స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. నన్ను చూసి చెయ్యి చాపేరు.