వియ్యంకుణ్ణి సాగనంపడం

పేగు మెలిక పడిందని మా ఆయనకి పెద్ద ఆపరేషన్ చేశారు. అది బాగానే అయింది. నా చావు ఆ తర్వాతే మొదలైంది. మనిషి మంచం దిగడే!

"నడిస్తేనేనండి పేగులు కదిలేది. గ్యాస్ పోయేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వం" అని రాజమండ్రి డాక్టరమ్మ రోజూ చెప్పేది. ఈయన బుద్ధిగా తలూపేవాడు. ఆవిడ గుమ్మం దాటగానే "కుట్లు పిగిలిపోతాయే దుర్గా" అని కళ్ళు మూసుకునేవాడు. నర్సు దీవెన లేపబోతే "రేపు చూద్దాం తల్లీ" అనేవాడు. చూడ్డానికొచ్చిన చుట్టాలైనా ఊరుకున్నారా? "కదలకు అచ్చిబాబూ, పచ్చిపుండు" అని చెప్పిపోయేవాళ్ళే అందరూ. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ పొద్దున చూస్తే కడుపు డప్పులా ఉబ్బింది. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. "సాయంత్రం దాకా చూస్తానండి. అప్పటికీ కదలిక లేకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. దానికీ లొంగకపోతే మళ్ళీ కడుపు తెరవాల్సి రావచ్చు" అంది. మళ్ళీ కోస్తే ఈ మనిషి తట్టుకుంటాడా? లోపలికెళ్ళి బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఊహూఁ.

అప్పుడొచ్చారు తుని నుంచి మా వియ్యంకుడు రాజేంద్ర గారు. వాళ్ళబ్బాయికి మా పిల్లనిచ్చింది నిరుడే. ఆయన ఎదుట మా ఆయన కాలు మీద కాలేసుకోడు, గట్టిగా తుమ్మడు కూడా. ఆయన కాసేపు కూర్చుని, "వెళ్ళొస్తానండి బావగారూ" అని లేచారు.

మా ఆయన దుప్పటి తీసేశాడు. "దుర్గా, ఓ చెయ్యి ఇయ్యి."

"ఎక్కడికండీ?"

"బావగారు వెళ్తుంటే పడుకుని చూస్తానా? లిఫ్టు దాకా అయినా దిగబెట్టొద్దూ?"

మా వైపు ఇంటికొచ్చిన వియ్యంకుణ్ణి వీధి గుమ్మం దాటించి, బండి కదిలేదాకా నిలబడకపోతే పరువు పోయినట్టే. ఆ సంగతి నాకిన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో!

నేను సెలైన్ స్టాండు పట్టుకున్నాను. ఆయన ఓ చెయ్యి కుట్ల మీద, ఓ చెయ్యి నా భుజం మీద వేసి, మూలుగుతూనే లిఫ్టు దాకా నడిచాడు. దండం పెట్టాడు. తిరిగొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

నేను ఒక్క పరుగున మెట్లు దిగి రాజేంద్ర గారిని గేటు దగ్గర పట్టుకున్నాను. సంగతంతా చెప్పి, "అన్నయ్యగారూ, మీకు పుణ్యముంటుంది, మళ్ళీ వచ్చి మళ్ళీ వెళ్ళొస్తాననండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి జేబులో వేసుకున్నారు. "ఇది మర్చిపోయానని చెప్తాన్లే చెల్లెమ్మా."

ఒకసారి కళ్ళజోడు. తర్వాత గొడుగు. ఆ తర్వాత మా అమ్మాయి చెప్పమన్న కబురేదో చెప్పలేదట. వచ్చినప్పుడల్లా కూర్చోవడం, లేవడం, వెళ్ళొస్తాననడం. మా ఆయన పళ్ళు బిగబట్టి లేవడం. "ఈయనకింత మతిమరుపేంటే బాబూ! పిల్లనిచ్చేటప్పుడు కనుక్కోలేదు మనం" అని నా చెవిలో గొణిగాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మధ్యాహ్నం మళ్ళీ లిఫ్టు తలుపు తెరుచుకుంది. మా ఆయన వంగి రెండు చేతులూ జోడించాడు. అంతే! వరండా అంతా వినబడింది. బెంచీల మీద వాళ్ళు తలలెత్తి చూశారు. మా ఆయన మొహం గోడకి తిప్పేసుకున్నాడు.

"దీవెనమ్మా! పోయిందమ్మా! గ్యాస్ పోయింది!" అని కేకేశాను.

దీవెన చప్పట్లు కొడుతూ పరిగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని, "హమ్మయ్య, కదులుతున్నాయండి. గొట్టం అక్కర్లేదు. కాస్త కాస్త నీళ్ళు పట్టండి" అంది.

"బావగారి ఎదుట నా పరువు పోయింది కదే" అన్నాడు మా ఆయన.

"పరువు గోదాట్లో కలవనీండి! మీరు దక్కారు, నాకదే చాలు" అని అందరి ముందూ ఆయన భుజం పట్టుకుని భోరుమన్నాను. నీళ్ళ గ్లాసు రాజేంద్ర గారే అందుకున్నారు. చెంచాతో ఆయనే పట్టారు. మా ఆయన సిగ్గుపడుతూనే నోరు తెరిచాడు.