ఊట పెట్టె మూత తీసిన రోజు

శశికళ ముప్పై ఏళ్ళకు పైగా పిస్కాటవే దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో సూక్ష్మజీవుల పరీక్షలు చేసిన మనిషి. రిటైరయ్యాక రెడ్‌మండ్‌లో కూతురి దగ్గరికి వచ్చి ఆరు నెలలు ఊరికే కూర్చుంది. ఏడో నెల విసుగెత్తి, చిన్న చిన్న నీటి సరఫరాలు చూసుకునేవాళ్ళకిచ్చే లైసెన్స్ పరీక్ష రాసి పాసయింది. అప్పటినుంచి ఊరికి గంట దూరంలో, కొండల మొదట్లో ఉన్న ఒక చిన్న పార్కు నీళ్ళ బాధ్యత ఆవిడది. ఏడు కుళాయిలు, ఒక ట్యాంకు, పైన కొండమీద ఒక ఊట, అంతే. నీళ్ళలో మందేమీ కలపరు, ఎప్పుడూ అవసరం రాలేదు. నెలకోసారి సీసాలో నీళ్ళు పట్టి ల్యాబ్‌కి పంపాలి, వచ్చిన రిపోర్టు ఫైల్లో పెట్టాలి. మూడేళ్ళలో ఒక్క రిపోర్టూ చెడ్డగా రాలేదు.

జూన్ రెండో వారంలో వచ్చింది. నీళ్ళలో కోలిఫాం బ్యాక్టీరియా కనిపించిందని ల్యాబ్‌వాళ్ళు ఫోన్ చేశారు. మళ్ళీ మూడు సీసాలు పట్టి పంపితే రెండింట్లో ఉంది. జబ్బు చేసే రకం కాదు గానీ, బయటి మురికి ఎక్కడో లోపలికి దారి చేసుకుందన్నమాట. శశికళ ఏడు కుళాయిలకూ నల్ల సంచులు కట్టి, తాగవద్దని బోర్డులు తగిలించింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తలేదు.

మూడో రోజు పొద్దున కౌంటీ ఆఫీసు నుంచి నీళ్ళు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చింది. పేరు అవని. ఇరవయ్యేడేళ్ళుంటాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మెడలో కార్డుమీద పేరు చూసి శశికళ తెలుగులో పలకరిస్తే మొహం వెలిగింది.

"నా తెలుగు కొంచెం బ్యాడ్ ఆంటీ, సారీ," అంటూ ఫైలంతా తిరగేసింది. "పేపర్స్ అన్నీ పర్ఫెక్ట్. బట్ స్ప్రింగ్ ఎప్పుడు చెక్ చేశారు?"

"ప్రతి నెలా కంచె దాకా వెళ్ళి చూసొస్తాను."

"లోపల?"

"మూత బరువు, ఇద్దరు కావాలి. లోపల ఎప్పుడూ చూడలేదమ్మా."

"ఇవాళ ఇద్దరం ఉన్నాం కదా," అంది అవని. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. శశికళకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

దేవదారు చెట్ల మధ్య అరగంట ఎక్కారు. కొండ బండని ఆనుకుని, సగం మట్టిలో పూడి ఉన్న సిమెంటు పెట్టె, దానిమీద ఇనుప మూత. తాళం తీసి, గ్లవ్స్ తొడుక్కుని, ఇద్దరూ చెరో వైపు పట్టి మూత పక్కకి జరిపారు. శశికళ తొంగిచూసింది.

పెట్టె ఖాళీగా ఉంది.

బూడిదరంగు బండ, అడుగున ఇసుక, ఇసుకలో ఒక్కొక్క రేణువూ విడివిడిగా కనిపిస్తోంది. "ఊట ఎండిపోయిందే," అంది ఆవిడ మెల్లగా.

"లేదు ఆంటీ. ఆ కార్నర్‌లో శాండ్ చూడండి."

బండ కింద ఒక మూల ఇసుక ఎగురుతోంది. అన్నం కుతకుత ఉడుకుతున్నట్టు లేస్తోంది, పడుతోంది, మళ్ళీ లేస్తోంది. చప్పుడు మాత్రం లేదు. అప్పటికి గాని శశికళకి అర్థం కాలేదు, తను చూస్తున్నది నాలుగడుగుల లోతు నీళ్ళలోంచి అని. చెట్ల సందుల్లోంచి పడిన ఎండ ఆ నీళ్ళకి ఎక్కడా తగలకుండా నేరుగా అడుక్కి దిగిపోయింది. ఆవిడకి తెలియకుండానే చెయ్యి ముందుకు వెళ్ళింది. అవని ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"నో ఆంటీ. టచ్ చేయకూడదు."

ల్యాబ్‌లో కొత్తగా చేరిన ఎంతమందికో తను చెప్పిన మాటే అది. శశికళ చెయ్యి వెనక్కి తీసుకుని, మోకాళ్ళమీద కూర్చుండిపోయింది.

"ఈ నీళ్ళు ఎప్పటివో," అంది.

"మా ఆఫీస్‌లో ఓల్డ్ రిపోర్ట్ ఉంది. ఒకసారి ఏజ్ టెస్ట్ చేశారు. పైన పడిన స్నో ఇక్కడికి రావడానికి అబౌట్ ఫార్టీ ఇయర్స్ పడుతుంది అని."

నలభై ఏళ్ళు. తను సూట్‌కేసుతో ఈ దేశంలో దిగిన చలికాలం అది. ఆ ఏడాది ఈ కొండమీద కురిసిన మంచు కరిగి, తను ఉద్యోగంలో చేరి, పిల్లని కని, పెంచి, పెళ్ళి చేసి, రిటైరయ్యేదాకా చీకట్లో, రాతి సందుల్లో బొట్టుబొట్టుగా దిగుతూనే ఉంది. ఎవరూ చూడలేదు, ఎవరూ పరీక్ష చేయలేదు. ఇంత శుభ్రంగా వచ్చి ఇవాళ తన కళ్ళముందు బయటపడుతోంది. తన ల్యాబ్‌లో ఏ ఫిల్టరూ నీళ్ళని ఇలా చేయలేదు.

అవని టార్చి లైటు వేసి చుట్టూ వెతికింది. గాలి గొట్టానికున్న జాలీ తుప్పుపట్టి, పిడికిలంత కన్నం పడింది. దాని కింద గట్టుమీద ఎండిన ఆకులూ, ఎలుక పెంటికలూ.

"నలభై ఏళ్ళు చెడకుండా వచ్చిన నీళ్ళు," అంది శశికళ, "చివరి నాలుగడుగుల్లో, మనం కట్టిన పెట్టెలో పాడయ్యాయి."

"ఫిక్స్ చేద్దాం ఆంటీ," అంది అవని.

చేశారు. కొత్త జాలీ, మూతకి కొత్త రబ్బరు. క్లోరిన్‌తో పెట్టె, ట్యాంకు, గొట్టాలు అన్నీ కడిగించి, ఆ వాసన పోయేదాకా నీళ్ళు వదిలేశారు. ఆ తర్వాత పట్టి పంపిన సీసాలన్నీ శుభ్రమని మరుసటి వారం గురువారం రిపోర్టు వచ్చింది. అవని తనే వచ్చి బోర్డులు తీయించి, కారు బానెట్ మీద ఫారం పెట్టుకుని నింపింది. ఒకచోట పెన్ను ఆగింది.

"స్ప్రింగ్ కండిషన్ అని ఒక లైన్ ఉంది. ఏం రాయాలి?"

శశికళ కొండవైపు చూసింది. "బాగుంది అని రాయి," అంది. "ఆ లైన్లో అంతకంటే పట్టదు."

అవని రాసింది. శశికళ వెళ్ళి మొదటి కుళాయి సంచి విప్పి, దోసిలి పట్టింది. పళ్ళు జివ్వుమన్నాయి. ఒక గుక్క మింగి, రెండోది తాగకుండా, అరచేతుల్లో మిగిలిన నీళ్ళకేసి చూస్తూ అలాగే నిలబడిపోయింది.