పంగలో జీలుగు ఆకు

తికిరికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కొండ కూలేవేళ తండ్రి ఆ కొండ మీదే ఉండిపోతాడేమోనని.

ఆ తండ్రి పిన్‌హామికి బొత్తిగా చెముడు. క్యాండీకి ఎగువన, వాళ్ళ ఊరి నెత్తిన ఉన్న అడవిని సర్కారు ఒక తెల్లదొరకు కాఫీ తోట వేసుకోమని అమ్మేసింది. పిన్‌హామి కల్లు గీసే జీలుగు చెట్లన్నీ అందులోనే ఉన్నాయి. అడవి నరికేది మాత్రం ఊరి మగవాళ్ళే, తికిరి మొగుడు ఉక్కువాతో సహా. కింది నుంచి పైదాకా ప్రతి చెట్టునూ సగం నరికి వదిలేస్తారు. ఆఖరున శంఖం ఊది పై వరుసను పూర్తిగా నరుకుతారు. అవి కింది వాటి మీద పడతాయి, అవి వాటి కింది వాటి మీద. కొండంతా ఒక్క ఊపున నేలకొరుగుతుంది. శంఖం విన్నవాడెవడూ అడవిలో ఉండడు. వినపడనివాడి మాటేమిటి?

ఆ పొద్దున చంకలో బిడ్డతో, మొగుడికి రాగి రొట్టె పట్టుకుని తికిరి కొండెక్కింది. అడవి అంచున పంగల చెట్టు దగ్గర ఆగిపోయింది. అడవిలోకి పోయే ప్రతివాడూ కాపాడమని దేవుడికి ఆ పంగలో ఒక పచ్చిరెమ్మ వేలాడదీస్తాడు, బయటికొచ్చాక తీసేస్తాడు. అందరూ చేతికందింది వేస్తారు. జీలుగు ఆకు వేసేది పిన్‌హామి ఒక్కడే. అదిగో, వేలాడుతోంది. తుంచిన చోట ఇంకా తడి ఆరలేదు.

పరుగున కొండ నెత్తికి చేరింది. అక్కడ మేస్త్రీ సెట్టువా మాను మీద కూర్చుని, అప్పటికే శంఖం చేతికి తీసుకున్నాడు.

"ఆగన్నా! మా నాన్న లోపలున్నాడు."

"ఎందుకుంటాడు? నిన్ననే చేతులూపి మరీ చెప్పాం, రావద్దని."

"చెప్తే వినే మనిషైతే నాకీ బాధెందుకు? ఆకు చూసొచ్చా."

"ఆకు చూసి పనాపితే దొర నన్ను ఆ పంగలోనే వేలాడదీస్తాడు. గాలి వాటంగా ఉంది, తప్పుకో!"

మగవాళ్ళు నవ్వారు. తికిరి బిడ్డను తీసి మేస్త్రీ ఒళ్ళో పెట్టింది.

"అయితే వీణ్ణి పట్టుకో. రెండు చేతులతో పట్టుకో, జారతాడు."

శంఖం గడ్డిలో పడింది. బిడ్డ మేస్త్రీ మీసం దొరకబుచ్చుకున్నాడు.

ఉక్కువా లేచాడు. "నే పోతానే."

"నీ మాట వింటాడా? నువ్వు గొడ్డలి పట్టిన కాణ్ణుంచీ నీ మొహమే చూడట్లేదు. ఇక్కడుండి వీళ్ళు గొడ్డలి ఎత్తకుండా చూడు."

తికిరి అడవిలోకి దిగింది. సగం తెగిన మానులు కిర్రుమంటున్నాయి. దేనికీ చెయ్యి ఆనించలేదు. చిన్నప్పుడు తండ్రి వెనకాల కుండ మోసిన బాటే. దిగేకొద్దీ కాళ్ళకు ధైర్యం వచ్చింది. వాగు పక్కన చివరి జీలుగు, పైన పిన్‌హామి గెల గీస్తున్నాడు. ఎక్కడానికి కట్టిన తీగను గట్టిగా లాగింది. ఆయన కిందికి చూశాడు. శంఖం ఊదినట్టు సైగ చేసింది.

ఆయన కుండ చూపించాడు. ఇంకా నిండలేదట.

"నిండేదాకా ఉంటావా? ఉండు, నేనూ ఉంటా!"

వినపడదని తెలిసే అరిచి, చెట్టు మొదట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. బిడ్డకు పాలవేళ దాటిపోతోంది. పాలు చేపుకొచ్చి గుడ్డ తడిసింది. ఆ తడి పైనుంచి పిన్‌హామి కంటపడింది. చరచరా దిగొచ్చాడు.

"పిల్లాడేడే?"

పైకి చూపించి, మీసం మెలేసినట్టు సైగ చేసింది.

"సెట్టువా దగ్గరా? ఆ తాగుబోతు చేతిలోనా!"

కుండ సంగతే మరిచి, కూతురికంటే ముందు ఆయనే ఎక్కడం మొదలుపెట్టాడు.

బిడ్డ పాలు తాగుతుండగా శంఖం మోగింది. గొడ్డళ్ళు ఆడాయి. కాళ్ళ కింద నేల అదిరేసరికి పిన్‌హామి వెనక్కి తిరిగాడు. చెట్లన్నీ పోయి కొండవాలంతా ఆకాశమే.

"అవతలి కొండ మీద జీలుగులు ఉన్నాయిలే," అన్నాడు చివరికి.

అన్నట్టే అక్కడ గుడిసె వేసుకున్నాడు. ఆ కొండ కూడా అమ్ముడుపోయిందని ఇప్పుడు చెప్పుకుంటున్నారు. తికిరికి మళ్ళీ నెలలు నిండాయి, అంత దూరం ఎక్కలేదు. మీలో ఎవరైనా అటు పోతే పిన్‌హామిని ఒకసారి చూసి రండి. పిలిస్తే పలకడు. ఎదురుగా వెళ్ళి నిలబడండి.