మొటిమలకు మూడు నెలలు

గురువారం పెళ్లివాళ్లు వస్తామన్నారు. ఈలోగా పెళ్లీడు పిల్ల జుమ్రద్ గడ్డం నిండా మొటిమలు లేచాయి. తల్లి హనీఫాకు నమాజులో కూడా అవే కళ్ల ముందు మెదిలాయి. దేవుణ్ణి అడగవలసినవి ఎన్నో ఉండగా మొటిమల గురించి అడగడం తప్పేమో అనుకుంటూనే అడిగింది.

అత్తగారు దేవుడి దాకా పోలేదు. "దిష్టే కోడలా! ఆ పక్కింటిదాని కళ్లే!" అంటూ ఇసిరిక్ మూలిక కొమ్మలు కాల్చి పొగ వేసింది. పిల్ల దగ్గింది, మొటిమలు కదల్లేదు. పెద్దాడబిడ్డ పెరుగు పూసి వెళ్లింది. చిన్నాడబిడ్డ అది కడిగేసి వెల్లుల్లి రుద్దింది. మొటిమలు పోకపోగా చర్మం కమిలింది.

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

"ఇది దిష్టీ కాదు, మురికీ కాదమ్మా, హార్మోన్లు. మగవాళ్లలో ఎక్కువగా ఉండేవి ఆడపిల్లల్లోనూ కొద్దిగా ఉంటాయి. ఈ వయసులో వాటి జోరుకు చర్మంలో నూనె ఎక్కువ ఊరి రంధ్రాలు పూడుకుపోతాయి. మందు రాస్తాను. మూడు నెలలు ఓపిక పట్టండి."

"గురువారమే పెళ్లివాళ్లొస్తున్నారు తల్లీ!"

"గురువారానికి మందు లేదమ్మా."

గురువారం పెళ్లికొడుకు తల్లి తాజీఖాన్ వచ్చింది. ఫోనులో కొడుకు ఫోటో చూపించింది. ఒలిచిన గుడ్డులా ఉంది ముఖం. తర్వాత జుమ్రద్ గడ్డం పట్టుకుని, పుచ్చకాయ బేరమాడుతున్నట్టు వెలుతురుకేసి తిప్పింది.

"పిల్ల మంచిదే హనీఫా. ముఖమే సరిగా కడుక్కోనట్టుంది. అది తేటపడ్డాక రొట్టె విరిచి మాట ఖాయం చేసుకుందాంలే."

జుమ్రద్ తల వంచుకుంది. అంతలో కారులో మరిచిన రొట్టెల మూట పట్టుకుని కొడుకు ఎల్మురోద్ లోపలికొచ్చాడు. నుదుటి నుంచి మెడ దాకా దానిమ్మ గింజలు ఒలిచి చల్లినట్టుంది.

"మగపిల్లాడు కదా, రక్తం పొంగు!" అంది తాజీఖాన్ గర్వంగా.

హనీఫాకు మంచి సంబంధం పోతుందేమోనన్న భయం వేసింది. పక్కన కూతురి వంచిన తల కనిపించింది.

"ఇద్దరికీ అవే హార్మోన్లట అక్కా, డాక్టరమ్మ చెప్పింది. మగవాళ్లలోనే ఎక్కువట. మరి మీవాడూ ముఖం కడుక్కోడా?"

హనీఫా అత్తగారు నవ్వు ఆపుకోలేక తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుంది. కుర్రాడు ఎర్రబడ్డాడు. పాపం, వాడు మాత్రం ఏం చేశాడు అనిపించింది హనీఫాకు.

అతిథికి సగం గిన్నె టీ పోయడమే వాళ్ల మర్యాద. హనీఫా తాజీఖాన్ గిన్నె అంచు దాకా నింపింది. ఇక లేవవచ్చని దాని అర్థం.

తాజీఖాన్ దాన్ని ముట్టుకోకుండానే లేచి విసవిసా బయటికి నడిచింది. కొడుకు గుమ్మంలో ఆగాడు.

"పిన్నీ," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుంది?"